పేరు ముందా, మనిషి ముందా? : వ్యక్తిత్వ రుగ్మతల సేవల దృష్టితో ‘అసమర్థుని జీవయాత్ర’ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ నవలను తెలుగు విమర్శ ప్రధానంగా కారణాల కోణంలో చదివింది. సీతారామారావు ఎందుకు అలా అయ్యాడన్న ప్రశ్నకు వచ్చినన్ని సమాధానాలు, అతడికి ఎటువంటి సహాయం అందితే నిలబడేవాడన్న ప్రశ్నకు రాలేదు. వ్యక్తిత్వ రుగ్మతలున్నవారికి మానసిక ఆరోగ్య సేవలను ఎలా రూపొందించాలన్న విషయమై గత నాలుగు దశాబ్దాలుగా ఇంగ్లండు, అమెరికాలలో సాగిన చర్చను ఆధారం చేసుకొని, ఆ రెండవ ప్రశ్నను నవల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత్రకు రోగనిర్ధారణ చేయడం దీని పని కాదు.

కీలకపదాలు: గోపీచంద్, మనోవైజ్ఞానిక నవల, వ్యక్తిత్వ రుగ్మత, మానసిక ఆరోగ్య సేవలు, పరిభాష, విమర్శ.

1. ఒక ప్రయోగం, ఒక శీర్షిక

1988లో గ్లిన్ లూయిస్, లూయిస్ ఆపిల్‌బీ అనే ఇద్దరు మనోవైద్యులు ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ’లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో వారు అనుసరించిన పద్ధతి సాహిత్య విద్యార్థులకు కొత్తదేమీ కాదు. ఒక రోగి కథను కొద్ది వాక్యాలలో రాసి మనోవైద్యులకు పంపి, చదివి అభిప్రాయం చెప్పమన్నారు. కొందరికి పంపిన ప్రతిలో మాత్రం, ఈ రోగికి గతంలో వ్యక్తిత్వ రుగ్మత ఉన్నట్లు నిర్ధారించారన్న సమాచారం అదనంగా ఉంది. ఆ ముక్క చదివినవారికి రోగి చికిత్సకు లొంగని మనిషిగా, ఎదుటివారి దృష్టి కోసం పాకులాడేవాడిగా, విసుగు పుట్టించేవాడిగా కనిపించాడు. అతని ఆత్మహత్య ఆలోచనలు అతని అదుపులోనే ఉన్నాయని వారు భావించారు. అతని అప్పులు కూడా అతను కావాలని చేసుకున్నవే అనిపించాయి. సేవ పొందే అర్హత మిగిలినవారికంటే అతనికి తక్కువని తోచింది. ఈ పేరు వైద్యనిర్ధారణగా కాక చెరగని నిందగా పనిచేస్తోందని, దానిని వదిలివేయడమే మంచిదని రచయితలు సూచించారు.

ఇది చదివే క్రమానికి సంబంధించిన ప్రయోగం. పాఠకుడికి ముందుగా ఏ మాట అందిందో, ఆ తరువాతి వాక్యాలన్నీ ఆ మాట రంగునే పులుముకున్నాయి. చదివినవారు సామాన్య పాఠకులు కారు, మనసును చదవడమే వృత్తిగా గలవారు. వారి స్థితే అలా ఉన్నప్పుడు, 1940లలో వెలువడిన ఒక తెలుగు నవల విషయంలో ఏం జరిగి ఉంటుందో ఆలోచించవలసి ఉంది. సీతారామారావు నవలలో ఒక్క పని అయినా చేయకముందే, ఒక్క మాట అయినా మాట్లాడకముందే, అతడు అసమర్థుడని అట్ట మీదనే పాఠకుడికి తెలిసిపోతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘అల్పజీవి’ విషయంలోనూ ఇంతే. సుబ్బయ్య భయాలలోకి అడుగుపెట్టకముందే అతని కొలత తేలిపోతుంది. శీర్షికలో వ్యంగ్యం ఉందనవచ్చు, ఉంది కూడా. అయితే ఆ వ్యంగ్యం నవల పూర్తయ్యేసరికి అందవలసినది. పేరు మాత్రం మొదటి క్షణంలోనే అంటుకుంటుంది.

2. లోపమా, వైకల్యమా, రుగ్మతా?

‘పర్సనాలిటీ డిజార్డర్’ అన్న మాటకు తెలుగులో వ్యక్తిత్వ లోపం, వ్యక్తిత్వ వైకల్యం, వ్యక్తిత్వ రుగ్మత అనే మూడు అనువాదాలు వాడుకలో కనిపిస్తాయి. ఇవి పర్యాయపదాలుగా చలామణి అవుతున్నా వాటి మధ్య దూరం చిన్నది కాదు. రుగ్మత అన్నప్పుడు వైద్యానికి చోటుంది. వైకల్యం అన్నప్పుడు సహాయానికి, హక్కుకు చోటుండవచ్చు గాని మార్పుకు చోటు తగ్గుతుంది. లోపం అన్నాక మిగిలేది తప్పెన్నడమే. తెలుగులో వ్యక్తిత్వం అన్న మాట వర్ణనకు పరిమితం కాదు. ‘వ్యక్తిత్వం ఉన్న మనిషి’ అంటే గౌరవించదగిన మనిషి అని అర్థం. అందువల్ల వ్యక్తిత్వంలో లోపం అనగానే మనిషి విలువలోనే లోపం ఉందన్న ధ్వని వస్తుంది. ఇంగ్లీషులోనూ ఈ నింద ఉంది. తెలుగులో అది మాట నిర్మాణంలోనే దాగి ఉంది. ఈ కారణంగా ఈ వ్యాసంలో ‘రుగ్మత’ అన్న పదమే వాడబడింది, అదీ నిర్దోషమని కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అందులో పాత రకాల పేర్లను చాలావరకు తొలగించి, తీవ్రతను బట్టి స్వల్ప, మధ్యమ, తీవ్ర స్థాయిలను పాటించారు. ‘బోర్డర్‌లైన్’ తరహాను మాత్రం అదనపు సూచనగా ఉంచారు. ఏ రకం మనిషి అన్న ప్రశ్న వెనక్కి వెళ్లి, తనతో తాను, ఇతరులతో తాను నెగ్గుకురావడంలో ఎంత ఇబ్బంది ఉందన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెత తెలుగు ఇళ్లలో ఈ విషయమై చాలాకాలంగా చెల్లుతున్న తీర్పు. ఇంగ్లండు, అమెరికాలలోని వైద్యులూ ఇంచుమించు ఇదే నమ్మినవారు. మేరీ జనారినీ, ఆమె సహచరులు అమెరికాలోని మెక్లీన్ ఆసుపత్రి రోగులను ఏళ్ల తరబడి అనుసరించి చేసిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. బోర్డర్‌లైన్ నిర్ధారణ పొందినవారిలో అత్యధికులకు పదేళ్లలో లక్షణాలు ఉపశమించాయి. ఉద్యోగంలో, బంధాలలో నిలదొక్కుకోవడం మాత్రం అంత త్వరగా రాలేదు. సేవల రూపకల్పనకు ఈ రెండవ సంగతే ఎక్కువ ముఖ్యం: లక్షణం తగ్గగానే పని పూర్తయిందనుకునే సేవ, మనిషి జీవితం మొదలు కావలసిన చోట చేతులు దులుపుకుంటుంది.

నవలలో సీతారామారావు కథ శ్మశానంలో ముగుస్తుంది. సామెత చెప్పిన పుడకల దగ్గరికే కథ చేరడం చూసి, గోపీచంద్ కూడా ఆ తీర్పునే బలపరిచాడని అనుకునే ప్రమాదం ఉంది.

3. కారణాల వేట

తెలుగు విమర్శ ఈ నవలను రెండు ప్రధాన మార్గాలలో చదివింది. ఒకటి ఫ్రాయిడ్, ఆడ్లర్ సిద్ధాంతాల మార్గం: ఆత్మన్యూనతాభావం, అణచిపెట్టిన కోరిక, అంతస్సంఘర్షణ. మరొకటి వర్గదృష్టి: కూలిపోతున్న భూస్వామ్య కుటుంబం, చెల్లుబాటు కోల్పోయిన వంశప్రతిష్ఠ. రెండూ నవలకు న్యాయం చేసినవే. తండ్రి అప్పగించి పోయిన వంశగౌరవాన్ని నిలబెట్టడానికి అడిగినవారికల్లా ఇచ్చి, ఆస్తి కరిగిపోయాక ఇచ్చే చేయి తప్ప మరేమీ నేర్వని మనిషి కథను ఈ రెండింటిలో ఏ ఒక్కటీ లేకుండా అర్థం చేసుకోలేం.

అయితే ఈ రెండు మార్గాలూ మనిషి చనిపోయాక జరిపే విచారణ పద్ధతిలో సాగాయి. ఎందుకు జరిగిందన్నదే వాటి ప్రశ్న. ఇది విమర్శకుల పొరపాటు మాత్రమే అనలేం. ముగింపు తెలిసిన కథను వెనక్కి చదివేటప్పుడు ప్రతి సంఘటనా ఆ ముగింపుకు కారణంలాగే కనిపిస్తుంది. సేవల రంగంలో పనిచేసేవారికి ఆ వెసులుబాటు లేదు. వారి ముందున్న మనిషి ఇంకా బతికే ఉంటాడు, రేపు వస్తాడో రాడో తెలియదు. ఆ స్థానంలో నిలబడి చదివితే, నవలలో ఇంతవరకు పక్కన ఉండిపోయిన విషయాలు కొన్ని ముందుకు వస్తాయి.

వాటిలో మొదటిది, సహాయం అడగడం అనే పని. సీతారామారావు ఇచ్చేవాడుగా పెరిగాడు. దాత అన్నదే అతనికి తెలిసిన తన రూపం. పుచ్చుకోవలసి వచ్చినప్పుడు అతడు పోగొట్టుకునేది పరువు ఒక్కటే కాదు. తానెవరో తెలిపే ఒకే ఒక ఆధారం. కాబట్టి ఆదుకోబోయిన ప్రతి చేయీ అతనికి అవమానంగా తోస్తుంది, సాయం చేసినవారి మీదనే అతని కసి తిరుగుతుంది. బయటి కంటికి ఇది కృతఘ్నత. ఆసుపత్రి పరిభాషలోనైతే ‘సహకరించని రోగి’. చీటీ తీసుకొని, వరుసలో నిలబడి, నాకు ఫలానా అవసరం ఉందని కౌంటరు దగ్గర చెప్పగలిగినవారికే అందే సేవ, సరిగ్గా ఇటువంటి మనిషినే గడప అవతల వదిలేస్తుంది.

4. రామయ్య తాత మాటలు

నవలలో సీతారామారావుకు సేవ లేదనడం పూర్తిగా నిజం కాదు. రామయ్య తాత ఉన్నాడు. లోకానుభవం, హేతుబుద్ధి, మనుషుల మీద దయ ఉన్న పెద్ద. ఈ పుస్తకాన్ని గోపీచంద్ తన తండ్రికి, ప్రశ్నించడం నేర్పినవాడిగా గుర్తుచేసుకుంటూ అంకితమిచ్చిన సంగతి ప్రసిద్ధం. రామస్వామి చౌదరి వంటి హేతువాది ఇంట్లో పెరిగిన రచయితకు, విషయాన్ని విడమరచి చెబితే మనిషి మారతాడన్న ఆశ సహజం. రామయ్య తాత ఆ ఆశకు రూపం. ఆ ఆశ ఎంతవరకు పనిచేస్తుందో నిర్దాక్షిణ్యంగా పరీక్షించడం ఈ నవల చేసిన అసలు సాహసం.

తాత చెప్పేవి నిజాలే. అవి సీతారామారావు స్థితిని పాఠకుడికి చక్కగా విప్పిచెబుతాయి. సీతారామారావును మాత్రం అవి చేరవు. ఎందుకు చేరవు? అతడు అసమర్థుడు కాబట్టి అని శీర్షిక సమాధానమిస్తుంది. సేవల చరిత్ర మరో సమాధానమిస్తుంది.

మార్షా లీనహాన్ అనే అమెరికన్ మనోవిజ్ఞాని, తమను తాము గాయపరచుకునే స్త్రీలకు మొదట ప్రవర్తనను మార్చే చికిత్సనే ప్రయత్నించింది. నీ ఆలోచనలో ఇది తప్పు, ఇలా మార్చుకో అన్న ధోరణి అది. చికిత్సకు వచ్చినవారు దానిని సహాయంగా తీసుకోలేకపోయారు. నీ బాధ అర్థం లేనిది అని చిన్ననాటి నుంచి విన్న మాటనే మళ్లీ విన్నట్లయింది వారికి. కొందరు కోపగించారు, కొందరు మానేశారు. దాంతో ఆమె పద్ధతినే మార్చి, బాధను ఉన్నదున్నట్లు గుర్తించడాన్ని, మార్పు కోరడాన్ని ఒకదానికొకటి విడదీయకుండా కలిపింది. అదే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. 1991లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది పాటు ఈ చికిత్స పొందిన స్త్రీలు సాధారణ చికిత్స పొందినవారికంటే తక్కువసార్లు తమను గాయపరచుకున్నారు, ఆసుపత్రిలో తక్కువ రోజులు ఉన్నారు. యవ్వనంలో తానూ ఆసుపత్రిలో ఇటువంటి బాధే పడ్డానని లీనహాన్ 2011లో బహిరంగంగా చెప్పింది. పద్ధతి మార్చుకోవడానికి ఆమెకు అంత తెగువ ఎక్కడిదో అప్పుడు చాలామందికి అర్థమైంది.

లండన్‌లో ఆంటొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీ మరో దారిలో ఇదే చోటికి చేరారు. ఎదుటివారి మనసులో ఏముందో, తన మనసులో ఏముందో ఊహించగల శక్తి తీవ్రమైన భావావేశంలో కూలిపోతుందని, ఆ శక్తిని తిరిగి నిలబెట్టడమే చికిత్స అని వారి ప్రతిపాదన. ఫోనగీ తరువాతి రచనలలో ఇంకొక సంగతి ఉంది. ఒకరు చెప్పిన మాటను ‘ఇది నాకు సంబంధించినది, నాకు పనికివచ్చేది’ అని స్వీకరించాలంటే, చెప్పినవాడు తనను చూశాడన్న నమ్మకం ముందు కలగాలి. చిన్నతనంలో దెబ్బతిన్నవారిలో ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. తలుపు మూసి ఉన్నప్పుడు ఎంత నిజం చెప్పినా బయటే ఉండిపోతుంది.

ఇప్పుడు రామయ్య తాతను చూస్తే, ఆయన లోటు జ్ఞానంలోనూ లేదు, దయలోనూ లేదు. ఆయన సీతారామారావుకు సీతారామారావును వివరించాడు. ఆ వివరణ వినగల స్థితికి అతన్ని తేవడం వేరే పని. ఆ పని ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. వందల మందికి హితవు చెప్పిన మనిషి ఒక్కడి దగ్గర ఓడిపోతే, తప్పు విన్నవాడి మీదకే పోవడం లోకరీతి. గోపీచంద్ చేతనంగా ఉద్దేశించాడో లేదో గాని, సీతారామారావు ఆలోచనల లోపలికి పాఠకుడిని తీసుకుపోయిన క్షణం నుంచి నవల తన శీర్షికతోనే పోట్లాడుతుంది. తర్కం తనను తాను కొరుక్కుతింటున్న ఆ పేజీలలో కనిపించేది సామర్థ్యం లేని మనసు కాదు. ఆ మనసు రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంది. దానికి తోడు లేదు.

5. ఇందిర

ఈ రకమైన పునఃపఠనంలో ఒక చిక్కు ఉంది. సీతారామారావు బాధ లోపలి నుంచి కనిపిస్తుంది. ఇందిర బాధ బయటి నుంచి మాత్రమే కనిపిస్తుంది. అతని కసి భార్యాబిడ్డల మీద చేతల దాకా వెళ్లినప్పుడు, బాధను గుర్తించాలన్న సూత్రం హింసను క్షమించే సూత్రంగా జారిపోయే వీలుంది. మంచి సేవలు ఈ రెండింటినీ వేరుగా ఉంచుతాయి: కోపం వెనుకనున్న భయాన్ని గుర్తిస్తూనే చేసిన పనికి బాధ్యత అడుగుతాయి, ఇంట్లోనివారి భద్రతను విడిగా చూస్తాయి.

నిజానికి ఇందిరే ఆ ఇంటి సేవావ్యవస్థ అంతా. సంసారాన్ని నెట్టుకురావడం, బిడ్డను కాపాడుకోవడం, భర్త మనసు ఏ పూట ఎలా ఉందో కనిపెట్టి నడుచుకోవడం అన్నీ ఆమె పనులే. ఆమెకు సలహాదారు లేరు, సెలవు లేదు. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీలో చికిత్సకులు ప్రతి వారం కలిసి కూర్చొని ఒకరి భారం ఒకరు పంచుకోవడం చికిత్సలోనే భాగం. అది లేకుండా చికిత్స లేదు. జీతం తీసుకొని, చదువుకొని, వారానికి కొన్ని గంటలు మాత్రమే ఈ పని చేసేవారికే అంత ఆసరా అవసరమైతే, ఇందిర ఒంటరిగా మోసినదాని బరువెంతో ఊహించుకోవచ్చు. సీతారామారావు గురించి వ్యాసాలు వచ్చినంతగా ఇందిర గురించి రాలేదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం.

6. బహిష్కారం నుంచి

2003లో ఇంగ్లండు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఒక విధానపత్రం వెలువరించింది. వ్యక్తిత్వ రుగ్మత ఇకపై బహిష్కరణకు కారణమయ్యే నిర్ధారణ కాదన్నదే దాని శీర్షిక. ఒక ప్రభుత్వపత్రం శీర్షిక ఇంత నేరుగా ఒప్పుకోలుగా ఉండడం అరుదు. అంతకుముందు దాకా ఆ పేరు పడితే చాలు, ఇది మా పని కాదని పంపివేయడం జరుగుతూ వచ్చిందని దాని అంతరార్థం.

2009లో అక్కడి నైస్ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఆచరణ వైపు ఇంకొంత నడిచాయి. ఈ నిర్ధారణ ఉందనో, తమను గాయపరచుకున్నారనో ఎవరినీ సేవకు దూరం చేయరాదు. బోర్డర్‌లైన్ రుగ్మతకే ప్రత్యేకంగా మందులు వాడరాదు. మూడు నెలలలోపు ముగిసే పొట్టి చికిత్సలు ఇవ్వరాదు. సంక్షోభం వచ్చినప్పుడు ఏం చేయాలో రోగితో కలిసి ముందే రాసుకోవాలి. వీటన్నిటిలో సాహిత్య పాఠకుడిని ఆపే అంశం ఒకటుంది: చికిత్స ముగిసేటప్పుడు, ఒక వైద్యుడి నుంచి మరొకరికి మారేటప్పుడు బలమైన భావాలు చెలరేగుతాయి కనుక ఆ ముగింపులను ముందుగా, జాగ్రత్తగా రూపొందించాలని అవి చెబుతాయి. వదిలిపెట్టబడడమే గాయమైనవారికి, డాక్టరు బదిలీ కూడా గాయమే. తండ్రి మరణంతో, మోయలేని మాటతో మొదలైన సీతారామారావు జీవితాన్ని ఈ వాక్యం పక్కన ఉంచి చూడవచ్చు.

అలాగని ఖరీదైన ప్రత్యేక చికిత్సలు ఉంటేనే పని జరుగుతుందనుకోనక్కర లేదు. 2009లో షెల్లీ మెక్‌మెయిన్ బృందం కెనడాలో జరిపిన పెద్ద పరీక్షలో, లీనహాన్ పద్ధతికీ, అనుభవజ్ఞులు క్రమబద్ధంగా నడిపిన సాధారణ మనోవైద్య నిర్వహణకూ ఫలితాలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పద్ధతి పేరుకంటే నిలకడ, స్పష్టమైన ఒప్పందం, ఒకే మాట మీద ఉండే బృందం పని చేస్తున్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు. తక్కువ వనరులున్న చోట్లకు ఇది మంచి కబురు.

7. తెలుగునాట

భారతదేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. తీవ్రమైన మనోవ్యాధులను గుర్తించి మందులు అందించడం చుట్టూ దాని పని ప్రధానంగా అల్లుకుంది. అది తప్పు కాదు. మందులే అందని రోజుల్లో అదే ముందుగా చేయవలసిన పని. అయితే మందు ప్రధానం కాని, మాట ప్రధానమైన రుగ్మతకు ఆ చట్రంలో చోటు ఇరుకు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సేవను హక్కుగా ప్రకటించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని దాని 115వ సెక్షన్ చెబుతుంది. తెలుగు ఇళ్లలో ‘బెదిరించడానికి చేశాడు’ అన్న మాటకు చట్టం ఇచ్చిన జవాబుగా దీనిని చదువుకోవచ్చు. అదే చట్టం మానసిక అనారోగ్యాన్ని నిర్వచించేటప్పుడు ఆలోచన, మనఃస్థితి, గ్రహణశక్తి, స్థలకాలాల ఎరుక, జ్ఞాపకశక్తి అన్నవాటి పేర్లు చెప్పింది. వ్యక్తిత్వం అన్న మాట అందులో లేదు. వ్యాఖ్యానంతో ఆ ఖాళీని పూరించవచ్చు గాని, ఖాళీ ఉన్న సంగతిని గుర్తించాలి.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవలో 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మొహం చూపనక్కర లేని ఈ ఏర్పాటు, చేయి చాచలేని మనిషికి కొంత అనువైనదే. ఒక్క ఫోన్‌తో తలుపు తెరుచుకున్నా, ఆ తరువాత నెలల తరబడి అదే గొంతు వినిపించే ఏర్పాటు ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఆ గొంతు ఏ తెలుగు మాట్లాడుతుందన్నది దానికి జోడించవలసిన మరొక ప్రశ్న. వినేవారు తమ కాగితం మీద ‘వ్యక్తిత్వ లోపం’ అని రాసుకుంటే, రెండవసారి ఫోన్ ఎత్తినవారు 1988 నాటి ఆ మనోవైద్యులలాగే ఆ కథను చదువుతారు. పరిభాషా నిర్మాణంలో తెలుగు శాఖలకు చేయగల పని ఇక్కడ ఉంది. వైద్యులు, న్యాయకోవిదులు, ఆ బాధ అనుభవించినవారు కలిసి కూర్చోకుండా నిఘంటువు చూసి చేసే అనువాదంతో అది తీరదు.

తరగతి గదికి సంబంధించిన సంగతి మరొకటి మిగిలింది. ఈ ఇబ్బందులు సాధారణంగా కౌమారంలో, తొలి యవ్వనంలో బయటపడతాయి. అంటే డిగ్రీ, పి.జి. చదివే వయసులో. సీతారామారావును పాఠంగా చదివే విద్యార్థులలో, తన చేతిని పొడుగు చొక్కా కింద దాచుకున్నవారూ ఉండవచ్చు. పరీక్షకు ‘సీతారామారావు అసమర్థతకు గల కారణాలను చర్చించండి’ అన్న తరహా ప్రశ్న వేసినప్పుడు, ఆ విద్యార్థి రాయబోయే సమాధానంలో మొదటి మాట ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. అదే నవలపై ‘సీతారామారావు మాటను ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు విన్నారు?’ అని అడిగితే, విద్యార్థి రామయ్య తాత దగ్గరికి, ఇందిర దగ్గరికి తిరిగి వెళ్లి ఆ పేజీలను మళ్లీ చదవవలసి వస్తుంది.